బల్ల తట్టి వెళ్లిన పూట

“బాత్రూంకి వెళ్లినా సరే, ఆ ల్యాప్‌టాప్ బ్యాగుని చంకన వేసుకునే వెళ్లు” అన్నాడు భర్త, బూటు లేసు బిగించుకుంటూ. “చుట్టూ ఉన్నవాళ్లందరూ దొంగలే అనుకో. అప్పుడే వస్తువు మిగులుతుంది.”

ఆమె ఆయన టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ తల ఊపింది. ఈ పాఠం కొత్తది కాదు. ఆయన పెద్ద షాపింగ్ కాంప్లెక్సులో సెక్యూరిటీ సూపర్‌వైజరు. ఆయన లెక్కలో లోకంలో రెండే రకాల మనుషులు: కొట్టేసేవాళ్లు, పోగొట్టుకునేవాళ్లు. భార్యని రెండో రకంలో పెళ్లయిన వారానికే చేర్చేశాడు. లైబ్రరీకి వెళ్లి చదువుకుంటానని ఆమె అన్న రోజు నుంచి ఈ జాగ్రత్తల దండకం మొదలైంది. గోడకి వీపు ఆనించి కూర్చోవాలట. బ్యాగు పట్టీని కుర్చీ కాలికి మెలిపెట్టాలట. క్యాంటీన్ బల్ల మీద పెట్టేసి చెయ్యి కడుక్కోడానికి పోకూడదట. బస్సులో వీపుకి తగిలించుకుంటే అది వెనకవాడి సొత్తట, పొట్టకి తగిలించుకోవాలట. బల్ల కాలికి కట్టుకునే ఇనప తాడు, దాని తాళం ఆయనే తెచ్చి ఇచ్చాడు. ఒక తాళంచెవి ఆమెకిచ్చి మారు చెవి తన గుత్తిలో వేసుకున్నాడు. రెండూ నీ దగ్గరుంటే రెండూ పారేస్తావు అన్నాడు. నిజమే కాబోలు అనుకుందామె. పన్నెండేళ్లుగా ఒక మనిషి నువ్వు పారేస్తావు, నువ్వు పారేస్తావు అంటూ ఉంటే, చేతిలో గట్టిగా పట్టుకున్న గరిటె కూడా ఎప్పుడో ఒకప్పుడు జారిపోయేదే అనిపిస్తుంది.

ఆమె విద్యార్థిని. ముప్పై మూడేళ్ల విద్యార్థిని. నవ్వొస్తే నవ్వుకోండి, ఆ ఇంట్లో అందరూ నవ్వారు. పెళ్లితో ఆగిపోయిన డిగ్రీని దూరవిద్యలో పట్టుకుంది. చివరి ఏడాదికి వచ్చింది. ఇంక మిగిలింది ప్రాజెక్టు రిపోర్టు ఒక్కటే. ఇళ్లలో మంచాన పడ్డవాళ్లని చూసుకునే ఆడవాళ్ల మీద రాస్తోంది. జీతం లేని నర్సులు వాళ్లు. ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి, వాళ్లు పక్కబట్టలు పిండుతుంటే పక్కన నిలబడి, చెప్పిందంతా ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుంది. ఆ ల్యాప్‌టాప్ కూడా వీధి పిల్లలకి ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న పాతది. భర్త ఇచ్చింది అనుమతి మాత్రమే. దానికీ గడువుంది. “ఈ ఏడాదితో సరి. తరవాత నా ప్రాణం తియ్యకు” అన్నాడు. అనుమతి ఇచ్చేవాడికి గడువు పెట్టే హక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆమె అడగలేదు. అప్పటికి ఆ ప్రశ్న ఆమె దగ్గర లేదు.

మరి ఇంట్లో ఎందుకు చదవదు అంటారా? ఇంట్లో ల్యాప్‌టాప్ మూత తెరిస్తే చాలు, ఆ చప్పుడు అత్తకి వినపడుతుంది. కుక్కర్ విజిల్ వినపడని అత్తకి అది వినపడుతుంది. “అమ్మాయ్, ఖాళీగానే ఉన్నావుగా” అని పిలుపు. పిల్లలు లేరు కాబట్టి ఆమె ఖాళీ అని చుట్టాలంతా తీర్మానించేశారు. అత్త మోకాళ్లకి మందు రాయడం, భర్త చొక్కాలు ఇస్త్రీ, ఆడపడుచు వస్తే మర్యాదలు, ఇవన్నీ ఖాళీ కిందే లెక్క. ఒకసారి చూస్తే, మూసిన ల్యాప్‌టాప్ మీద తరిగిన కూరల పళ్లెం పెట్టి ఉంది. చదునుగా ఉందని పెట్టానంది అత్త. మర్నాడే ఆమె లైబ్రరీ దారి పట్టింది.

ఆ రీడింగ్ హాల్లో ఆడవాళ్లకో పద్ధతుంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. లేచి వెళ్లాల్సిన మనిషి పక్కామె బల్లని వేళ్లతో రెండుసార్లు తడుతుంది. మాట ఉండదు, మొహమాటం ఉండదు. నా వస్తువులు చూస్తూ ఉండు అని దానర్థం. పక్కామె తలెత్తకుండానే ఎడమ చెయ్యి ఆ బల్ల మీదకి జరుపుతుంది. అంతే, కాపలా మొదలైనట్టే. మగవాళ్లకి ఈ తట్టుడు అవసరం లేదు. బ్యాగు పడేసి టీకి పోతారు, లోకమంతా వాళ్ల బ్యాగుకి కాపలా కూర్చున్నట్టు. ఈ సంగతి ఆమె భర్తకి ముచ్చటగా చెబితే ఆయన పెదవి విరిచాడు. తడితే తాళం పడుతుందా అన్నాడు.

ఆమె పక్క కుర్చీ ఒక కళ్లజోడు పిల్లది. తెల్లారకముందే లేచి, ఎక్కడో పని చేసి, పన్నెండింటికి హాల్లోకి వచ్చి పడేది. ఏదో ఉద్యోగ పరీక్షకి చదువుతోంది. నెలల తరబడి పక్కపక్కన కూర్చున్నా వాళ్ల పరిచయం అంతా ఆ తట్టుడులోనే ఉంది. ఒకరోజు ఆ పిల్ల ఆమె తెర వైపు ఓరగా చూసి, “ఇది మా అమ్మ కథే అక్కా” అంది. ఆ మాట ఆమెకి నెత్తిన పూలు పెట్టినట్టయింది. పన్నెండేళ్లలో ఆమె చేసినదాన్ని చూసి ఉప్పు తక్కువైందనో ఎక్కువైందనో తప్ప మరో మాట అన్నవాళ్లు లేరు.

రిపోర్టు పంపాల్సిన శనివారానికి ముందు బుధవారం అది జరిగింది. మధ్యాహ్నం అత్త ఫోను. హాల్లో మాట్లాడకూడదు. ఆమె తాళం నొక్కింది, టక్కుమన్న చప్పుడు వింది, కళ్లజోడు పిల్ల బల్లని రెండుసార్లు తట్టి మెట్ల దగ్గరికి వెళ్లింది. మోకాళ్ల మందు కనపడటం లేదట. అలమార తెరవండి అత్తయ్యా, రెండో అర, ఎర్ర మూత. అక్కడ లేదట. ఎడమ పక్కన చూడండి. అక్కడా లేదట. చివరికి మందు అత్త చేతిలోనే దొరికింది. ఆమె తిరిగొచ్చేసరికి ల్యాప్‌టాప్ లేదు, బ్యాగు లేదు. ఇనప తాడు బల్ల కాలికి ఉత్తగా వేలాడుతోంది. కళ్లజోడు పిల్ల పుస్తకం మీద తల వాల్చి, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతోంది. రిపోర్టుకి ఇంకో కాపీ ఉంచుకోమని టీచరు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. ఆమె ఉంచుకుంది. పెన్‌డ్రైవ్‌లో. ఆ పెన్‌డ్రైవ్‌ని బ్యాగు పక్క జేబులో భద్రంగా పెట్టుకుంది. తాళం, తాళంచెవి ఒకే మూటలో కట్టుకున్న తెలివి అది.

భర్తకి ఫోను చేసింది. తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు.

ఇక్కడే చెప్పాలి అసలు సంగతి. ఆయన సగం పూట సెలవు పెట్టి వచ్చాడు. మెట్ల మీద కూలబడ్డ ఆమె పక్కన తనూ కూర్చున్నాడు. “పోతే పోయిందిలే, పిచ్చీ” అన్నాడు. పెళ్లయిన కొత్తలో పిలిచిన పిలుపు అది, ఏళ్లయింది విని. బండి మీద పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్తూ సిగ్నల్ దగ్గర వెనక్కి చెయ్యి చాపి ఆమె చెయ్యి నొక్కాడు. ఇంటికొచ్చి టీ పెట్టాడు. చక్కెర పాకంలా ఉంది, ఆమె కడదాకా తాగింది. దాన్ని రెండు రోజులు పిలవకమ్మా అని తల్లితో అన్నాడు. ఆమె మంచం మీద గోడవైపు తిరిగి ఏడుస్తుంటే తల నిమిరాడు. శనివారంలోగా దొరక్కపోతే ఏడాదంతా పోతుందండీ అని ఆమె ఆయన చొక్కాలో మొహం దాచుకుని చెప్పింది. ఒకసారి కాదు, ఎన్నిసార్లో చెప్పింది. ఆయన ఊఁ అన్నాడు, ఊఁ అన్నాడు. ఏడుస్తూనే ఆమెకి లోపల ఒక మూల చలి కాగినట్టు హాయిగా ఉంది. ఇంత మెత్తదనం ఈ మనిషిలో ఎక్కడ దాక్కుందో అనుకుంది. ల్యాప్‌టాప్ పోయి మొగుడు దొరికాడేమో అనుకుంది. చూశారా, ఎంత తక్కువకి మనం అమ్ముడుపోతామో! ఒక కప్పు టీ, ఒక పాత పిలుపు.

స్టేషన్‌లో మహిళా కానిస్టేబుల్ తాడు చూసి, తెగలేదే, తాళం వేశారా అని అడిగింది. నొక్కి ఉండదండీ, ఇంట్లో గ్యాస్ కట్టడం కూడా ఇలాగే మర్చిపోతుంది అని భర్తే మెల్లగా జవాబిచ్చాడు. టక్కుమన్న చప్పుడు ఆమె విన్నది. సాయంత్రానికి విన్నానా అనుకుంది. మర్నాటికి వినలేదు అనుకుంది. పక్కన ఎవరుంటారు అని కానిస్టేబుల్ అడిగితే ఆమె చెప్పబోయి ఆగింది. “ఒకమ్మాయి ఉంటుందన్నావుగా” అని భర్త గుర్తుచేశాడు. “నిద్రపోయిందట! సరిగ్గా అప్పుడే. నువ్వు నమ్ముతావు, నేను ఆ పనిలో ఉన్నవాణ్ణి.” కానిస్టేబుల్ పెన్ను ఎత్తి, మీకు అనుమానమేనా అని సూటిగా అడిగింది. ఆమె భర్త వైపు చూసింది. ఆయన చెప్పు, ఫరవాలేదు అన్నట్టు కళ్లు మూసి తెరిచాడు. ఆమె అవునంది.

మర్నాడు కానిస్టేబుల్ హాలుకి వచ్చి అందరి ముందు ఆ పిల్లని బ్యాగు తీయమంది. నేను నిద్రపోయాను అక్కా, నిజంగా నిద్రపోయాను అంటోంది ఆ పిల్ల. కానిస్టేబుల్ ఆమె వైపు తిరిగి, దులపమంటారా అంది. ఆమె తల ఊపింది. బల్ల మీద పడ్డవి: చెప్పుల షాపు పేరున్న యూనిఫాం చొక్కా, సగం తిన్న బన్ను, ప్యాడ్ల ప్యాకెట్టు, విరిగిన కళ్లజోడు కాడకి చుట్టే దారం ఉండ. ల్యాప్‌టాప్ ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరో కుర్రాడు నవ్వాడు. పిల్ల ఒక్కొక్కటే ఏరి బ్యాగులో వేసుకుంది, ప్యాకెట్టు అన్నిటికంటే ముందు. ఆమె వైపు చూడలేదు.

శనివారం సాయంత్రం గడిచిపోయింది. పొడిగింపులు లేవు, వచ్చే ఏడాది చూసుకోమన్నాడు టీచరు.

ఆదివారం ఆడపడుచు, ఆడపడుచు మొగుడు భోజనానికి వచ్చారు. ఆమె వడ్డిస్తోంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉందని ఆడపడుచు పాపం అంది. భర్త చెయ్యి కడుక్కుని, అందరూ ఒక్క నిమిషం ఉండండి అని పడకగదిలోకి వెళ్లాడు. స్టూలు లాగిన చప్పుడైంది. బీరువా మీది పాత సూట్‌కేసు దించిన చప్పుడైంది. బయటికి వస్తుంటే ఆయన చేతిలో ఆమె బ్యాగు ఉంది.

“ఇదిగో, దొంగసొత్తు” అన్నాడు నవ్వుతూ. కథంతా చెప్పాడు. బుధవారం భోజనం టైములో అటువైపు వెళ్లాడట. చూద్దాం ఈవిడ ఎంత జాగ్రత్తో అని హాల్లోకి తొంగిచూస్తే కుర్చీ ఖాళీ, కాపలా మనిషి గురక. మారు చెవితో తీసుకుని దర్జాగా నడిచి వచ్చేశాడట. ఒక్కడూ అడగలేదట. “మా గార్డులకి కూడా ఇదే పెడతాను. వాళ్ల టార్చి నేనే తీసి దాచేస్తాను. రెండు రోజులు వెతికితే జన్మలో మళ్లీ వదలరు. మాటలతో రాని బుద్ధి దీంతో వస్తుంది. తీసి చూసుకో, అన్నీ అలాగే ఉన్నాయి.”

ఆడపడుచు భర్త భళ్లున నవ్వాడు. ఆడపడుచు, అన్నయ్యా నువ్వు మరీనూ, వదిన మొహం చూడు అంటూనే నవ్వింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా అని అత్త మురిసిపోయింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావే అమ్మాయ్ అంది. ఆమె చేతిలో అన్నం గిన్నె అలాగే ఉంది.

“నిన్నటితో గడువు అయిపోయింది” అంది.

“తేదీ సంగతి నాకేం తెలుసు? సర్లే, ప్రాణం పోయిందా, వస్తువు పోయిందా? వాళ్లకి పెరుగు తీసుకురా.”

ఆమె పెరుగు తీసుకొచ్చింది. అదీ రాయాల్సిందే, వీరనారిలా గిన్నె నేలకేసి కొట్టిందని అబద్ధం రాయలేను. పెరుగు వడ్డించి, వంటింట్లోకి వెళ్లి, పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది. ఆమె నాలుగు రాత్రులు ఆ సూట్‌కేసు కిందే పడుకుంది. ఆ మంచం మీదే ఆయన తల నిమిరాడు. తేదీ తెలియదట. చొక్కా తడిసేలా చెప్పిందే! ఆ ఊఁ ఊఁ అంటున్నప్పుడు ఆయన వినలేదా, లేక విని కూడానా? రెంటిలో ఏది తక్కువ దుఃఖమో ఆమెకి తేలలేదు. వినకపోతే పన్నెండేళ్లుగా గోడతో మాట్లాడింది. వింటే, గోడ కాదు, పక్కన పడుకున్న మనిషే కావాలని చేశాడు. ఏడాది పోయింది, పోనీ. ఆమెని చీల్చేస్తున్నది అది కూడా కాదు. ఆ టీ. ఆ సిగ్నల్ దగ్గర నొక్కిన చెయ్యి. పిచ్చీ అన్న పిలుపు. ఆమె వాటిని దాచుకుంది, ఇంకో పదేళ్లు గడపడానికి సరిపోతాయని దాచుకుంది. అవన్నీ దొంగసొత్తే. ఆయన ప్రేమించింది ఆమె ఏడుపుని. ఆమె చేతిలో ఏమీ లేకుండా, ఆయన చొక్కా తప్ప పట్టుకోడానికి మరేమీ లేకుండా ఉన్న ఆ నాలుగు రోజులూ ఆయనకి ఆమె ముద్దొచ్చింది. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది? ఆమె నోట్లో చెంగు కుక్కుకుని చప్పుడు కాకుండా ఏడ్చింది. అవతల హాల్లో పళ్లు కోస్తున్నారు.

అప్పుడు ప్యాడ్ల ప్యాకెట్టు గుర్తొచ్చింది. అన్నిటికంటే ముందు దాన్ని దాచుకున్న చెయ్యి గుర్తొచ్చింది. ఆమె మొహం కడుక్కుంది. సింకులో ఎంగిలి కంచాలు అలాగే వదిలేసింది. బ్యాగు తీసుకుని వెనక తలుపులోంచి బయటికి నడిచింది.

స్టేషన్‌లో అదే కానిస్టేబుల్. దొరికిందంటే సంతోషించింది. “సరే, ఇంట్లోనే మర్చిపోయానని రాసి సంతకం పెట్టండి. మూసేద్దాం” అంది.

“నేను మర్చిపోలేదు. మా ఆయన తీసి దాచాడు.”

కానిస్టేబుల్ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “మొగుడు తీస్తే దొంగతనం అవదమ్మా. ఇలాంటివి రోజూ చూస్తాం. ఎందుకు పరువు తీసుకోవడం?”

“మరి ఆ పిల్ల బ్యాగు దులిపామే, అది ఏమవుతుంది?”

కానిస్టేబుల్ పెన్ను మూత పెట్టేసింది. ఏమీ అవదు అంది. అలసిపోయిన గొంతు. ఆమె కాగితం తన వైపు లాక్కుంది. తాళం వేశానని, చప్పుడు విన్నానని, తీసింది ఫలానా నా భర్త అని, మారు చెవితో తీశాడని, పక్కన కూర్చున్న అమ్మాయికి ఏ సంబంధమూ లేదని, ఆమెని అనుమానించింది తానేనని రాసింది. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. చదివి వినిపించి మరీ సంతకం పెట్టింది.

చెప్పుల షాపు పేరు ఆమెకి తెలుసు. ఎలా తెలుసో తలుచుకుంటే అడుగు ముందుకి పడలేదు. అయినా వెళ్లింది. ఆదివారం రద్దీకి పనివాళ్లంతా రోజంతా షాపులోనే ఉన్నారు. ఖాళీగా ఉన్న బెంచీ మీద కూర్చుంటే, ఒక పిల్ల వచ్చి ఆమె కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తల వంచుకునే, ఏ సైజు మేడమ్ అంది. తరవాత తలెత్తింది.

 పిల్ల కళ్లజోడు కాడకి దారం చుట్టి ఉంది.

“దొరికింది” అంది ఆమె. “మా ఆయనే తీశాడమ్మా. నాకు బుద్ధి చెప్పడానికి. స్టేషన్‌లో రాసిచ్చి వస్తున్నాను.”

పిల్ల ఒక జోడు అందుకుని దాని ముక్కులో కాగితం కుక్కడం మొదలుపెట్టింది. పక్కన మేనేజరు తిరుగుతున్నాడు. “నా బ్యాగు దులపమన్నది ఎవరు మేడమ్? ఆయనా?” అంది కాగితం కుక్కుతూనే.

ఆయనే అనొచ్చు. సగం నిజం కూడా. కళ్లు మూసి తెరిచింది ఆయనే కదా. ఆమె నోటిదాకా వచ్చింది ఆ మాట.

“నేనే” అంది.

పిల్ల తల ఊపింది. మధ్యలో ఒక రోజు లైబ్రరీకి వెళ్లిందట. ఎవరూ ఏమీ అనలేదట. తను కూర్చోగానే అటూ ఇటూ వాళ్లు బ్యాగులు దగ్గరికి లాక్కున్నారట, అంతేనట. ఇంక వెళ్లదట. గదిలో ఐదుగురుంటారు, అయినా అక్కడే చదువుకుంటుందట. “నేను ఆ పూట నిద్రపోకుండా ఉంటే ఇదంతా జరిగేది కాదు కదా” అంది.  దొంగతనం చేసినవాడు ఇంట్లో పళ్లు తింటున్నాడు. నిద్రపోయినందుకు ఈ పిల్ల, ఫోను ఎత్తినందుకు తను, ఇద్దరూ తప్పు ఒప్పుకుంటున్నారు.

“నిద్రపోవడం తప్పు కాదు” అంది ఆమె. “తెల్లారకముందే లేచి నిలబడి పని చేసినదానివి, నిద్రపోతావు. తప్పు నీది కాదు. విను, నీది కాదు.”

పిల్ల వింది. క్షమించానని అనలేదు, అక్కా అనలేదు. జోడుని పెట్టెలో పెట్టి మూత వేసి, మేనేజరు పిలిచిన వైపు వెళ్లిపోయింది.

ఆమె రోడ్డు మీదకి వచ్చింది. బ్యాగు ఒక భుజాన ఉత్తినే వేలాడుతోంది. ఫోను మోగింది. భర్త. కానిస్టేబుల్ చెప్పేసి ఉంటుంది. అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండేది, అరుపుకి జవాబు ఉంది.

“ఎక్కడున్నావు, పిచ్చీ?” అన్నాడు. ఎంత మెత్తటి గొంతు! “ఎందుకు ఇంత దూరం తెచ్చుకున్నావు చెప్పు. నేనేమీ అనను. అందరూ వెళ్లిపోయారు. కంచాలు కూడా నేనే కడిగేశాను. టీ పెట్టి ఉంచుతాను, ఇంటికొచ్చెయ్.”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపిష్టి కళ్లు, ఆ గొంతుకి ఇంకా తిరుగుతున్నాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు. నడిరోడ్డు మీద, జనం ఒరుసుకుంటూ పోతుంటే, బెదరకుండా అడిగింది:

“ఈసారి ఏం తీశావు?”